నాలుగోసారి ఎక్కిన గుమ్మాలు

ఆ వీధి పిల్లలు ఆమెను డబ్బాల అత్త అనేవారు. పదకొండేళ్లు కుట్టుమిషన్ తొక్కి, చూపు మందగించాక ఈ పనిలో చేరింది. పిల్లల కడుపులో నులిపురుగులకు ఒక మందు చాలుతుందా, రెండు కలిపి ఇస్తే మేలా అని డాక్టర్లు పరీక్షిస్తున్నారు. ఎవరికి ఏది వేశారో ఇంట్లోవాళ్లకూ తెలియదు, ఆమెకూ తెలియదు. మందుకు ముందు ఒకసారి, మూడు వారాల తర్వాత ఒకసారి, చిన్న మూత డబ్బాల్లో పిల్లల మలం తెచ్చి పరీక్షగదిలో ఇవ్వడం ఆమె పని.

మొదటిసారి డబ్బాలు చకచకా వచ్చాయి. రెండోసారి ఆమెకు చుక్కలు కనిపించాయి. పిల్లలు బాగానే ఉన్నారు, మళ్లీ ఎందుకని తల్లులు గుమ్మంలోనే తేల్చేశారు. బాగున్నారో లేదో చూడటానికేనని ఆమె నచ్చజెప్పేది. వాళ్లు తలూపేవారు. మర్నాడు డబ్బా ఖాళీగానే ఉండేది. ఒక తండ్రయితే అందులో మేకులు పోసుకున్నాడు. అయినా ఆమె వదల్లేదు. రెండుసార్లు, మూడుసార్లు, కొన్ని ఇళ్లకు నాలుగోసారి కూడా వెళ్లింది. గడువు ముగిసేసరికి దాదాపు అన్నీ వచ్చాయి.

రెండు రోజుల తర్వాత పరీక్షగదిలో టెక్నీషియన్ ఆమెను పిలిచాడు. ఒకే ఇంటి ముగ్గురు పిల్లల డబ్బాలు ముందు పెట్టాడు. మూడింట్లోనూ పురుగుగుడ్ల లెక్క ఇంచుమించు ఒకటే. మూడింట్లోనూ అవే టమాటా గింజలు.

“పిల్లలు ముగ్గురు, కడుపు ఒకటేనా అక్కా?” అన్నాడు నవ్వుతూ.

ఆమెకు నవ్వు రాలేదు. తిన్నగా ఆ ఇంటికి వెళ్లింది. పిల్లల నానమ్మ ఏమీ దాచలేదు.

“పెద్దాడు ఇవ్వనన్నాడు. నడిపిదానికి సిగ్గు. నువ్వేమో ఎండలో నాలుగుసార్లు తిరిగావు. నీ మొహం చూడలేక చిన్నాడిదే మూడింట్లో సర్దానమ్మా.”

“నా మీద జాలిపడి నా పనే చెడగొట్టారు పెద్దమ్మా.”

ముసలావిడ బిక్కమొహం వేసింది. ఇక తిట్టడానికి డబ్బాల అత్తకు నోరు రాలేదు. మంచినీళ్లు ఇస్తే తాగకుండానే మెట్లు దిగింది. సగం దారిలో కాళ్లు ఆగిపోయాయి. నాలుగోసారి వెళ్తే గానీ ఇవ్వని ఇళ్లు ఇంకా ఎన్ని? వాటిలో ఎన్ని ఇలాంటివి?

చెప్పకపోతే ఆ మిగతా ఇళ్ల సంగతి ఎవరికీ తెలియదు. అయినా వెళ్లి పెద్ద డాక్టరమ్మకు అంతా చెప్పింది. ఇద్దరూ జాబితా ముందేసుకుని అలాంటి ఇళ్లు పందొమ్మిది తేల్చారు. గడువు దాటిపోయింది కాబట్టి మళ్లీ అడగడానికి లేదు. డాక్టరమ్మ జాబితాలో ఆ ఇళ్ల పిల్లల వరుసలు ఒక్కొక్కటీ కొట్టేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు, ఎదురు ఒక మాటైనా అనేది.

రెండు నెలలకు ఫలితం వచ్చింది. రెండు మందులు కలిపితే మేలుగానే కనిపిస్తోందట. కానీ మిగిలిన పిల్లలు తక్కువ కావడంతో గట్టిగా చెప్పలేరట. కొత్త పిల్లలతో మళ్లీ మొదలు.

“చెప్పలేం అన్న ఒక్క మాట కోసమా నేనింత తిరిగింది?” అంది టెక్నీషియన్‌తో. అతను కొత్త డబ్బాల సంచి ఆమె వైపు జరిపాడు. విసురుగా అందుకుంది. ఆ రోజు మొదటి ఇంట్లో తల్లితో పాటు పిల్లనూ కూర్చోబెట్టి, ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పమంది. ఆ పిల్ల ఇష్టం లేదంది. ఆమె పళ్లు కొరుక్కుంటూ, పేరు రాసుకోకుండానే లేచింది.