చింతచిగురు పప్పూ, మూడూళ్ళ రాయీ

ఉద్యోగం ఇంకో రెండేళ్ళు మిగిలి ఉండగా, ఒక ఏప్రిల్ నెలలో నన్ను కొండవీటి కొండల అంచున ఉన్న మండలానికి సర్వేయరుగా వేశారు. నేను పర్చూరు నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. అప్పటిదాకా కొలిచినవన్నీ పత్తి చేలూ, మిరప చేలూ, పొగాకు చేలే. ఈ ఎండల్లో, ఈ వయసులో కొండ డ్యూటీ ఏమిటి, ఇంకెవరూ దొరకలేదా మీ వాళ్ళకి అని మా ఆవిడ కేకలేసింది. నాకు మాత్రం లోపల సంతోషంగానే ఉంది.

చేరిన వారానికే తాసిల్దారు గారు ఒక ఫైలు చేతిలో పెట్టారు. కొండ కింద గ్రావెల్ తవ్వుకోవడానికి ఒక కాంట్రాక్టరు దరఖాస్తు చేసుకున్నాడు. అతను జతచేసిన స్కెచ్చులో, కొండను ఆనుకుని ఉన్న మార్తమ్మ అనే ఆమె డెబ్బై సెంట్ల మిరప చేను కొండ పోరంబోకులో, అంటే సర్కారు భూమిలో, చూపించాడు. మార్తమ్మ కోతల ముఠాకు మేస్త్రీ. పదిమంది ఆడవాళ్ళను వెంటేసుకుని ఊరూరా మిరపకాయలు కోయించే మనిషి. తనదంటూ ఉన్నది ఆ చేను ఒక్కటే. మూడు రోజుల్లో హద్దు తేల్చి రిపోర్టు ఇమ్మని ఉత్తర్వు.

ఇలాంటి తగాదాలో సర్వేయరు మొదట వెదికేది మూడు గ్రామాల పొలిమేరలు కలిసే చోట పాతిన రాయి. దాన్ని ట్రైజంక్షన్ అంటాం. అది దొరికితే పాత కొలతల పుస్తకం ముందు పెట్టుకుని కొండ హద్దు గీత ఎక్కడికక్కడ దింపవచ్చు. మా రికార్డు ప్రకారం అది తూర్పు చరియ మీద, చింతచెట్ల మధ్య, నేలకు రెండడుగుల ఎత్తున ఉండాలి. నెత్తి మీద బాణం గుర్తు చెక్కి ఉంటుంది. చేతిలో జీపీఎస్ ఉంది గానీ, అది మనం నిలబడ్డ చోటు చెబుతుంది, ఎప్పుడో ఎవరో పాతిన రాయి చోటు చెప్పదు.

మొదటి రోజు ఆరింటికే కొండెక్కాం. నేనూ, కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్ కోటేశూ, దారి చూపించడానికి మార్తమ్మా. ఆమె వెనక ముఠా అంతా బిందెలూ, గిన్నెలూ ఎత్తుకుని బయల్దేరింది. మిరప కోతలు అయిపోయాక నాలుగైదు రోజులు ఇలా కొండెక్కి చింతచిగురు దూసుకోవడం, మధ్యాహ్నం అక్కడే వండుకు తినడం వాళ్ళకు అలవాటట. ఏడాదంతా వంగి పనిచేసిన నడుములు అవి, ఆ పొద్దున మాత్రం నిటారుగా నడిచాయి. ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, పాటలు పాడుకుంటూ నాకంటే ముందే పైకి చేరారు. నేను నాలుగుచోట్ల ఆగాను. ఆగినప్పుడల్లా కింద కళ్ళాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు కనిపించేవి. ఇన్నేళ్ళు ఆ నేల మీదే తిరిగి, పైనుంచి ఎంత బాగుంటుందో ఒక్కసారీ చూడలేదే అనిపించింది.

కక్షిదారు ఇంట మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని నా నియమం. మధ్యాహ్నం క్యారియర్ తెరిస్తే ఎండకు బీరకాయ కూర పులిసి కూర్చుంది. మార్తమ్మ చూసింది.

"ఇట్టా రండయ్యా, పప్పు ఉడికింది."

వద్దన్నాను, నియమం చెప్పాను.

"మా ఇంటికి రావొద్దు లెండి. కొండేమన్నా నా ఇల్లా?" అంది.

వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. చింతచిగురు పప్పు, కాల్చిన ఊరమిరపకాయ, ఉల్లిపాయ, పల్చటి మజ్జిగ. మా ఆవిడ కట్టిచ్చిన మాగాయ వాళ్ళ మధ్య పెట్టాను. రెండో రోజు నేను క్యారియరే తీసుకెళ్ళలేదు. సిగ్గు విడిచి చెబుతున్నా, పదకొండింటి నుంచే నా చూపు పొయ్యి మీద ఉంది.

రాయి మాత్రం దొరకలేదు. రెండు రోజులు చరియంతా గాలించాం. పొదలు కొట్టించాం, మోకాలెత్తు రాయి కనిపించిన ప్రతిచోటా గీకి చూశాం. రెండో రోజు భోజనం దగ్గర కూర్చుని, "రాయి లభ్యం కాలేదు" అని రాసేస్తానని కోటేశుతో అన్నాను. రాస్తే ఏమవుతుందని మార్తమ్మ అడిగింది. రాయి లేకపోతే అంత కచ్చితం కాని గ్రామపటం మీద స్కేలు పెట్టి గీత తీసుకోవాలి, అలా తీస్తే నీ చేను కొండలోకే పోయేట్టుంది అని ఉన్నమాట చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టేసి, లేచి తన చేను వైపు చూసింది.

అంతలో గాలి మళ్ళి పొగంతా మా మీదికి కొట్టింది. పొయ్యి అటు తిప్పవచ్చు కదా అన్నాడు కోటేశు.

"రెండు రాళ్ళయితే జరుగుతాయి గానీ, ఆ పడమటి రాయి కదల్దు బాబూ. మా అత్త నాటి నించీ అంతే. దానికి సరిపడా ఎత్తు చూసి మిగతా రెండూ తెచ్చి పెట్టుకుంటాం," అంది మార్తమ్మ.

పళ్ళెం కింద పెట్టేశాను. నిప్పులు లాగించి, నీళ్ళు పోయించి, కొడవలితో మసి గీకించాను. బాణం బయటపడింది. ఏళ్ళ తరబడి పైనుంచి కొట్టుకొచ్చిన మట్టి దాన్ని కప్పేసి, జానెడు మాత్రం మిగిల్చింది. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. నా కళ్ళూ తడిశాయి. పొగ అని చెప్పాను గానీ పొగ కాదు.

రాయి దొరికినంత మాత్రాన పని అయిపోదు, అది కదలలేదని రుజువు కావాలి. మూడో రోజు దాని నుంచి కింద పొలిమేర మీదున్న మరో రెండు రాళ్ళకు కొలతలు పట్టాం. రెండూ పుస్తకంతో సరిపోయాయి. గీత దింపితే మార్తమ్మ చేను కొండకు బయట తేలింది. పడమటి గట్టు వెంట రెండు గజాలు మాత్రం ఆమె కొండలోకి జరిగి సాగుచేసుకుంటోంది. అదీ రాశాను. ఆమె ఒప్పుకుని వేలిముద్ర వేసింది. ఇకమీదట ఆ రాయి మీద వండుకోకూడదా అని అడిగింది. సర్వే రాయిని కదల్చకూడదని చట్టంలో ఉంది, దాని మీద పప్పు ఉడికించకూడదని లేదు అని చెప్పాను.

మిగిలిన రెండేళ్ళలో "లభ్యం కాలేదు" అని రాయవలసి వచ్చిన ప్రతిసారీ, ముందు అక్కడ రోజూ తిరిగేవాళ్ళను పిలిచి కూర్చోబెట్టాను. రాయి ఎక్కడుందని అడగలేదు, ఆ చోట మీరేం చేస్తుంటారని అడిగాను. మార్తమ్మను ఆ మాట మొదటి రోజే అడిగి ఉండవలసింది. అడగకుండా, వెదుకుతున్న రాయి మీద వండిన అన్నమే రెండు పూటలు తిని, ఆమె చేను పోయే రిపోర్టు రాయబోయాను.