కోటుకెక్కిన కాయ

దర్జీ బల్ల మీద గుడ్డ లేనప్పుడు సుద్దతో గీసిన దాడి ఆట ఉంటుంది. కాయలు గుండీలే: నల్లవి దర్జీవి, తెల్లవి అతని బావమరిదివి. మూడు వరుసలో పడితే దాడి, ఎదుటివాడి కాయ ఒకటి పోతుంది. రెండే మిగిలితే ఓటమి. స్కేలుతో వీపు గోక్కుంటూ దర్జీ తెగ ఆలోచిస్తాడు. ఓడిన రోజు కుట్టిన జేబులన్నీ వంకరే.

మొన్న దర్జీ మూడు కాయలతో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని ఆడుతుంటే, ఆట మధ్యలో ఇద్దరూ భోజనానికి లేచారు. తిరిగొచ్చేసరికి నల్లవి రెండే ఉన్నాయి.

"ఓడిపోయావు బావా!"

"మూడోది ఏదిరా? అక్కాతమ్ముడూ కూడబలుక్కున్నారా?"

"అదా? ఈయన కోటుకి ఒకటి తక్కువైతే కుట్టేశాను," అంది భార్య, అద్దం ముందున్న పెద్దమనిషిని చూపిస్తూ.

దర్జీ ఆయన్ని కోటుతో సహా బల్ల దగ్గరికి లాక్కొచ్చాడు. "కాస్త వంగండి సార్. మూడే మిగిలినవాడి కాయ ఎక్కడికైనా ఎగరొచ్చు."

ఆయన వంగాడు. గుండీ మిగతా రెండింటి సరసన ఆనింది. దాడి!

"ఉండండి, కుట్టు విప్పేస్తాను," అంటూ భార్య కత్తెర అందుకుంది.

"ఆగమ్మా," అన్నాడాయన, వంగినవాడు వంగినట్టే. "ముందు మన ఆట తేలనీ."