గోడ అంచున వేడి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఎమ్మెస్సీ చదివే రోజుల్లో, పెద్దపల్లి స్టేషన్లో సైన్సు పత్రిక చదువుకుంటున్నాను. పక్కన కూర్చున్న బొగ్గుబాయి కార్మికుడు అందులోని బొమ్మ ఏమిటని అడిగాడు.

"సూర్యునిల మండే అసొంటి మంటను కొలిమిల పుట్టియ్యాలని చూస్తున్రు. గోడకు తగిలితే చల్లారుతది. అందుకే అయస్కాంతాలతోని నడుమ నిలబెడ్తరు. అయినా అంచుల పొంటి వేడి జారిపోతున్నది," అని గొప్పగా చెప్పాను.

"అంచులకాన్నే పోతది సారూ," అన్నాడాయన. "మా బాయిల మంట లేస్తే గోడ కట్టి మూస్తం. గోడ బండకు అతికేకాడ సందు పడితే లోపలికి గాలి పోతది, మంట చావది. నేను రోజు గా అంచు చూసి మట్టి మెత్తుత."

చేతిని తిప్పి, వేళ్ల వెనుక భాగాన్ని వెయిటింగ్ రూము గోడ మూలకు ఆనించి, మెల్లగా పైకి జరిపి చూపించాడు.

"ఇంకా మండుతున్నదా?" అని అడిగాను.

"మూడేండ్లు మండింది. గోడ కట్టిన నాడు మా తమ్ముడు లోపల్నే ఉండె. ఆగితే అందరం పోతమన్నరు. ఇటుకలు నేనే అందిచ్చిన." వేళ్లకు అంటిన సున్నం దులుపుకున్నాడు. "నిన్న చల్లగ తగిలింది. రేపు గోడ తెరుస్తరట. అవ్వకు చెప్పేటందుకు ఊరికి పోతున్న."

తర్వాత ముప్పై ఏళ్లు నేను ఆ కొలిమి మంట అంచుల మీదే పనిచేశాను. గొప్పగా మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.