పీరియడ్ అంతా నిలబెట్టాడు

నాన్న చెయ్యి చెరకు గానుగలో నలిగిపోవడంతో డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసి, తుమ్మపాలలో మా బెల్లం తయారీ చూసుకున్నాను. తమ్ముడు ఆ పని అందుకున్నాక, పెళ్లయి ముప్పై దాటిన వయసులో, అనకాపల్లిలో అదే కాలేజీలో మళ్లీ చేరాను.

మొదటిరోజు చీరలో క్లాసులోకి అడుగుపెట్టగానే పిల్లలంతా లేచి "గుడ్ మార్నింగ్ మేడమ్" అన్నారు. "నేనూ స్టూడెంట్‌నే" అన్నాను. పగలబడి నవ్వుతూ కూలబడ్డారు. సరిగ్గా అప్పుడే, అప్పట్లో నాకు పాఠం చెప్పిన లెక్చరర్ వచ్చాడు. నవ్వుల్లో పడి ఆయన కోసం ఎవరూ లేవలేదు.

ఆ కోపమంతా నామీద చూపించాడు. "నువ్వా! వచ్చీరాగానే క్లాసు పాడు చేసేవా? సగంలో పారిపోయినదానికి బెంచీ ఎందుకు? నిలబడు!"

పీరియడ్ అంతా నిలబడ్డాను. వెనక కిసకిసలకి నా చెవులు కాలిపోయాయి.

బెల్లు కొట్టాక, "రేపు కూడా వత్తావేటి?" అన్నాడు వెటకారంగా.

"వత్తాను సార్. బెల్లం పెనం కాడ కుర్సీ ఎవరేత్తారు? నిలబడ్డం నాకలవాటే."

"చూద్దాం" అని విసురుగా వెళ్లిపోయాడు.

ఆయన మీద ఆరోజు నాకు పుట్టిన కోపం వదిలెయ్యమని మావారు ఇప్పటికీ చెబుతుంటారు. వదలను. పొద్దున్నే నన్ను బస్సెక్కిస్తున్నది అదే.