నీలం కోటు బెర్నిస్

పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గు ఊళ్ళో బెర్నిస్ కోవాలిక్ లేవగానే వరండా కమ్మీ తుడిచి, గుడ్డకంటిన మసిని కరెంటు ప్లాంటు పొగగొట్టాల వైపు తిరిగి దులుపుతుంది, తిట్టినట్టే. గురువారాలు చర్చి నేలమాళిగలో, శుక్రవారం అమ్మే పియరోగీలకు, అంటే దుంపముద్ద కూరి ఉడికించే కజ్జికాయల్లాంటివాటికి, పిండి అంచులు నొక్కుతుంది. ఆమె నొక్కింది మరిగే నీళ్ళలో ఒక్కటీ విచ్చుకోదు.

కరెంటు ప్లాంట్లు వదిలే కార్బన్‌కు రాష్ట్రం హద్దు పెట్టాలా అని మొన్న బుధవారం ఫైర్‌స్టేషన్ హాల్లో జనాన్ని అడిగారు. వద్దనేవాళ్ళంతా ప్లాంటువాళ్ళ నీలం కోట్లలో వచ్చారు. ప్లాంటులో పనిచేసి పోయిన భర్త నీలం కోటు తొడుక్కొచ్చిన బెర్నిస్‌ను చూసి చప్పట్లు కొట్టారు. ఆమె మైకు అందుకుని, "హద్దు పెట్టాల్సిందే. ఏరు పొంగి ఇళ్ళలోకొస్తోంది, ఎండలు చూస్తూనే ఉన్నారు" అంది. చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి.

"ఆ కోటు విప్పెయ్!" అని ఎవరో అరిచారు.

"మా ఆయన ఇందులోనే దగ్గి దగ్గి పోయాడు. నేనెందుకు విప్పుతా?"

మర్నాడు పియరోగీ బల్ల దగ్గర ఆమె పక్క కుర్చీలు ఖాళీ. ఆడపడుచు ఇర్మా ఎదురుగా నిలబడింది. "హద్దు పెట్టి ప్లాంటు మూస్తే నా కొడుకుని నువ్వు పోషిస్తావా వదినా?"

"వాడికి వేరే పని చూపించాలని కూడా అడిగాను. నువ్వు వినకుండా లేచి వెళ్ళిపోయావు." బెర్నిస్ కోటు విప్పి కుర్చీకి తగిలించి, పిండి ముందుకు లాక్కుంది. "వచ్చేవారం రాజధానిలో మళ్ళీ అడుగుతారట. వెళ్తున్నా, ఈ కోటుతోనే."

ఇర్మా ఒక కుర్చీ ఎడంగా కూర్చుని దుంపముద్ద గిన్నె దగ్గరికి లాక్కుంది.

"నీతో మాట్లాడను."

"మాట్లాడకు. ఉండలు మాత్రం చిన్నవి చెయ్యి."