టైరు ముట్టుకోని మీరావలి

చిలకలూరిపేట హైవే పక్కన మీరావలి పంచరు షాపులో పంచరు వేసేది మీరావలి కాదు, పంచరైనవాడే. బండి ఆగీ ఆగకముందే మీరావలి నవ్వుతూ ఎదురొచ్చి, టైరు ఊడదీసే రెండు ఇనప లివర్లు చేతిలో పెట్టి, గోనెపట్టా పరిచి, "కూర్చోండి, మొదలెట్టండి" అనేవాడు. తను మాత్రం స్టూలెక్కి కూర్చుని తప్పులు పట్టేవాడు.

జిన్నింగు మిల్లు గుమాస్తా అయినా, మిరపకాయల బేరగాడయినా, ఇస్త్రీ చొక్కా నలగని బ్యాంకు ఆఫీసరయినా ఆ గోనెపట్టా మీద కూర్చోవాల్సిందే. ఒకసారి ఓ పెళ్ళికొడుకు మోటారుసైకిలు తోసుకుంటూ వచ్చాడు.

"ముహూర్తం దాటిపోతందయ్యా!"

"అయితే తొందరగా కానివ్వండి."

పాపం, ఆ పెళ్ళికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి టైరు ఎక్కించాడు. పెళ్ళి ఫోటోలన్నిట్లో అతని వేళ్ళు నల్లగా ఉంటాయని పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ట్యూబు విషయంలో అయితే మీరావలిది చాదస్తానికి పైమెట్టు. లోపల ట్యూబు ఒరుసుకోకుండా పౌడరు పుయ్యాలి. అదీ వాసనొచ్చే మొహం పౌడరే. ఇంట్లో ఖుర్షిదా డబ్బా కొన్న వారానికే ఖాళీ. "ఈ మనిషిని చేసుకున్నాక నా మొహం కన్నా ట్యూబులే తెల్లగా ఉన్నాయి" అని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఈ షాపుకి రెబ్కా తన డర్ట్ బైకుతో వచ్చింది. కొత్తపట్నంలో చేపలు పట్టే ఆదాం కూతురు, పేటలో స్పిన్నింగు మిల్లులో ఉద్యోగం. ఇసకలో బండి ఎగరేయడంలో ఆ చుట్టుపక్కల ఆమెకి సాటి లేదు. వాడరేవు తీరంలో రేసు పెడుతున్నారు. మొదట వచ్చిన పదిమందిని ఒంగోలు క్లబ్బు తన జట్టులో చేర్చుకుని కొత్త బండి ఇస్తుంది. పదిలో రాకపోతే ఈ సెకండ్ హ్యాండు బండి అమ్మేస్తానని రెబ్కా తండ్రికి మాటిచ్చి కూర్చుంది.

"ఇసక టైర్లు వెయ్యి బాబాయ్" అంది రెబ్కా.

మీరావలి గోనెపట్టా పరిచాడు.

మొదటిరోజే ఆమె లివరు బలంగా తిప్పింది. లోపల ట్యూబు లివరుకీ రిమ్ముకీ మధ్య నలిగి చిల్లుపడింది. మీరావలి ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు మూలిగాడు. "ముందు ట్యూబుకి కాస్త గాలి కొట్టమ్మాయ్, గుండ్రంగా నిలబడుద్ది. వాల్వు లోపలికి నొక్కి చూడు, కింద ట్యూబు ఇరుక్కుందేమో. ఆ చివరి జానెడు దగ్గర బలం చూపించబాక. అవతలి అంచుని మోకాళ్ళతో రిమ్ము గాడిలోకి తొక్కు, ఇవతల అదే వదులవుద్ది."

ఎక్కించింది. మీరావలి టైరు చుట్టూ చూసి, "మళ్ళీ తియ్యి" అన్నాడు.

నెల రోజులు ఇదే వరస. మిల్లు షిఫ్టు దిగి రావడం, ఎక్కించడం, "మళ్ళీ తియ్యి." టైరు విప్పినప్పుడల్లా లోపల దూది పింజతో తుడవాలి. కంటికి కనపడని ముల్లు ఉంటే దూది పట్టుకుంటుంది. పేట రోడ్ల మీద దూదికేం కొదవ? లారీల నుంచి రాలిందాన్ని ఏరి మీరావలి సంచుల్లో దాచేవాడు.

ఒకరోజు రెబ్కాకి ఒళ్ళు మండింది. "నువ్వు ఎక్కించలేవా బాబాయ్?"

"కళ్ళు మూసుకుని ఎక్కిస్తా."

"మరి ఎక్కించొచ్చుగా!"

"మళ్ళీ తియ్యి."

రేసు ఆదివారం మీరావలి షాపు మూసి, ఖుర్షిదాతో వాడరేవు వచ్చి తాడు అవతల నిలబడ్డాడు. మొత్తం ఆరు చుట్లు. నాలుగో చుట్టులో, తుమ్మ పొదల మలుపు దగ్గర రెబ్కా ముందు టైరు బుస్సుమంది. ఏడో స్థానంలో ఉన్న పిల్ల ఆగిపోయింది. వెనకే షానవాజ్ అనే కుర్రాడి బండీ అక్కడే కూలబడింది.

తాడు అవతల మీరావలి ఇరవై అడుగుల దూరంలో ఉన్నాడు. "బాబాయ్, రా!" అని రెబ్కా అరిచింది.

మీరావలి ఖుర్షిదా పక్కన ఉన్నచోటే నిలబడ్డాడు. ఈలోగా రేసు పెద్దమనిషి ఈల ఊదాడు. "బయటివాళ్ళు బండి ముట్టుకుంటే రేసులోంచి తీసేస్తాం!"

నడుం సంచిలో పానా, రెండు లివర్లు, పంపు, దూది పింజ, ఒకే ఒక్క ట్యూబు. అది చిల్లుపడితే ఇక ఇంటికే. రెబ్కా పళ్ళు బిగించి చక్రం ఊడదీసింది. షానవాజ్ చకచకా ట్యూబు మార్చేసి ముందే దూసుకుపోయాడు. రెబ్కాకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా దూది తీసి టైరు లోపల తిప్పింది. దూది ఓ చోట పట్టుకుంది. లోపలికి సగం దిగిన తుమ్మ ముల్లు! పీకేసింది. కాస్త గాలి, వాల్వు మీద ఒక నొక్కు, రెండు మోకాళ్ళూ అవతలి అంచు మీద. చివరి జానెడు లివరుకి పని లేకుండా లోపలికి జారింది.

వంద గజాలు దాటేసరికి షానవాజ్ మళ్ళీ ఆగి ఉన్నాడు. పాత ముల్లే కొత్త ట్యూబునీ పొడిచింది.

మిగిలిన చుట్లలో ఒక్కొక్కర్నీ దాటుకుంటూ రెబ్కా తొమ్మిదో స్థానంలో వచ్చింది.

దిగీ దిగగానే మీరావలి మీదికి వెళ్ళింది. "నీకు తెలుసా ఆ రూలు?"

ఖుర్షిదా అందుకుంది. "తెలియకేం తల్లీ! నెల కిందటే క్లబ్బుకి ఫోన్ చేశాడు. 'పిల్లకి దారిలో పంచరైతే నేనెళ్ళి వేస్తా, ఒప్పుకోండి' అని నాలుగుసార్లు బతిమాలాడు. ఒప్పుకోలా. రేసంటే నీకు భయం పట్టుకుంటదని చెప్పలేదంట. ఇందాక నువ్వు పిలిస్తే ఆయన రెండు చేతులూ నేనే పట్టుకున్నా, తాడు దూకుతాడేమోనని."

"పంచరు నా షాపు ముందే అవుద్దా ఏంది?" అని గొణిగాడు మీరావలి.

పొలాల మధ్య, చీకటి పడ్డ డొంక దారుల్లో, పిల్లాపాపలతో ఆగిపోయే బళ్ళన్నీ రెబ్కాకి ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. ఆ గోనెపట్టా మీద కూర్చున్నవాళ్ళు ఎవరూ అలాంటి చోట దిక్కులు చూడరు. ఇలాంటి మనిషి తనకి బాబాయి అయినందుకు ఆమెకి గర్వంతో గుండె నిండిపోయింది.

క్లబ్బు మేనేజరు వచ్చి ముందు టైరు నొక్కి చూశాడు. "నీట్‌గా ఉంది. నీ మెకానిక్ ఎవరమ్మా?"

రెబ్కా మీరావలిని భుజం పట్టి ముందుకు తోసింది. "ఈయనేనండి. నా టైరు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అందుకే చివరిదాకా వచ్చా."

మేనేజరుకి ముక్క అర్థం కాలేదు. అయినా అడిగాడు. "మా జట్టుకి కూడా పనిచేస్తారా?"

"చేస్తానండీ, దానికేం" అన్నాడు మీరావలి ఛాతీ పొంగించి. "పిల్లలందర్నీ పాత చొక్కాలేసుకుని రమ్మనండి. ముందు మీరు రండి."