టీచరమ్మ తోట తలుపు తెరిచిపెట్టిన ఆదివారం

నిన్న మా వార్డు ఆడవాళ్లు ఆకుకూరల మడి తవ్వుతుంటే గడ్డపార దేనికో తగిలి డొక్కుమంది. పాత నీళ్ల పైపు. అది తెలిసేసరికి నేను గోడ అవతల ఉన్నాను. ఈ వయసులో గోడెలా దూకానని అందరూ ఒకటే నవ్వు. ప్రొద్దుటూరులో నన్ను చూసి నవ్వడం కొత్త కాదు గనుక నేనూ నవ్వాను. ఆ చప్పుడు ఎస్తేరు టీచరమ్మను తెచ్చి నా ఎదుట నిలబెట్టింది.

మిషన్ బడిలో ఐదో తరగతి దాకా నాకు చదువు చెప్పింది ఆవిడే. ఆరో తరగతి నన్ను భరించలేకపోయింది. నేను టీకొట్టు పెట్టుకున్నాను, ఆవిడ రిటైరై మా వీధిలోనే ఉండేది. అవి పార్టీ కక్షల రోజులు. జమ్మలమడుగు దారిలోనో పులివెందుల దారిలోనో ఒక మనిషి పడిపోతే ఇక్కడ షట్టర్లు పడేవి, రాజుపాలెం నుంచి కూరగాయల బండ్లు ఆగిపోయేవి. మా వీధిలో కుడివైపు ఇళ్లది ఒక పార్టీ, ఎడమవైపు ఇళ్లది ఇంకో పార్టీ. బందు రోజుల్లో మాత్రం రెండు వైపులా గంజే. ఆ గంజి చూడలేకే టీచరమ్మ వీధి చివరి ఖాళీ స్థలాన్ని మిషన్ వాళ్లనడిగి తోట చేయించింది. ఇంటికో మడి, నీళ్లకు వంతులు. షట్టర్లు పడితే మాత్రం ఏ మడి కాయైనా అందరిదీ. నన్నూ లాగింది.

"బళ్లో కుదురుగా కూచోలేదు, ఈడన్నా నడుము వంచు ఓబులేసూ."

"నడుము పట్టేస్తే ఎట్ల టీచరమ్మా?"

"నోరు పట్టేయదు గదా. నీకది సాలు."

ఒక సాయంత్రం పడమటి గోడ పక్కన సొరపాదుకు గుంత తీస్తున్నాను. పార ప్లాస్టిక్ బకెట్ మూతకు తగిలింది. ఎత్తి చూస్తే రంపపు పొట్టులో పురికొస చుట్టిన ఉండలు, నాటుబాంబులు. "టీచరమ్మా, పెద్ద ఉల్లిగడ్డలు కాసినాయి సూడు" అన్నాను. ఆవిడ వచ్చి చూసింది. మూత తానే మెల్లగా పెట్టింది. "కదలగాకు. పిల్లోళ్లను బయటికి పంపిస్తా" అని, ఏమీ జరగనట్టు అందరినీ ఇళ్లకు తోలింది.

పోలీసులకు చెబితే ఎవరి బకెట్టో వాళ్లు మా ఇళ్లకొస్తారు. చెప్పకపోతే రేపు ఏ పిల్లవాడి పారో తగులుతుంది. మా ప్రాంతంలో చంపినవాడికన్నా చూసినవాడికే భయం ఎక్కువ. టీచరమ్మ మరునాడు బోరింగు దగ్గర రెండు వైపుల ఆడవాళ్లు బిందెలతో ఉండగా గట్టిగా చెప్పింది.

"పడమటి గోడకాడికి ఎవురూ పోవద్దు. ఆదివారం ఆరాధన టైముకు వీధి వీధంతా నాతో చర్చికి వస్తాది. తోట తలుపు తీసే ఉంటాది. పెట్టినోళ్లు తీసుకోని పోతారు. ఎవురూ సూడరు."

"మేం హిందువులం, చర్చిలో మాకేం పని టీచరమ్మా?" అంది ఎదురింటి లక్షుమమ్మ.

"కూచోడమే పని. కండ్లు మూసుకోడం నేను నేర్పిస్తా."

ఆ ఆదివారం రెండు పార్టీల ఆడామగా పిల్లలతో సహా ఒకే చాప మీద కూర్చున్నారు. పాస్టరుగారు ప్రేమ గురించి చెబుతున్నారు, మేమందరం చప్పుడు కోసం వింటున్నాం. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తే లక్షుమమ్మ నా చెయ్యి పట్టుకుంది. వాళ్లాయనకూ నాకూ మాటల్లేవు.

తిరిగొచ్చాక గుంతలోకి నేను దిగుతానన్నా టీచరమ్మ ఒప్పుకోలేదు. తానే మోకాళ్ల మీద కూర్చుని మట్టిలో చెయ్యి పెట్టి చుట్టూ తడిమింది. గుంత ఖాళీ. పక్క మడి చూసి నేను నవ్వాను. "వంకాయలు గూడా కోసుకపోయినాడు దొంగ సచ్చినోడు!" ఆవిడ నవ్వలేదు. "వానింట్లో గూడా కూర లేదేమోరా" అంది. ఆ మధ్యాహ్నమే అక్కడ సొర గింజలు నాటాం.

సొరపాదు పందిరెక్కేలోపే పులివెందుల దారిలో బాంబులు వేశారు. ఇద్దరు పోయారు. మళ్లీ షట్టర్లు పడ్డాయి. ఆ బందులో మా వీధి గంజి తాగలేదు. ఇంటింటికీ వంకాయలు, గోంగూర, లేత సొరకాయలు పంచాం. టీచరమ్మ అందరికీ కోసిచ్చి తనకేమీ ఉంచుకోలేదు. గుంత వైపు చూస్తూ అడిగింది.

"ఆ బాంబులు మన కాడ నుంచి పోయిండేటివేనేమోరా?"

"కాదులే టీచరమ్మా."

"నీకెట్ల తెలుసు?"

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మా వార్డులో ఇప్పుడు తొమ్మిది తోటలున్నాయి. ప్రతిచోటా కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ కథ చెప్పి, వంకాయల దాకా నవ్విస్తాను. అక్కడితో ఆపేస్తాను. ఆ తర్వాత ఆవిడ అడిగిన దానికి జవాబు నాకింకా తెలియదు.